టెస్టుకి ముందు మూడు రోజులు

అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా నన్ను అనుమానాల మస్తాన్ అనేవాళ్ళు. ఎదురుపడితే మస్తాన్ గారూ అనేవాళ్ళు, నేను వెనక్కి తిరగ్గానే ముందున్న మాట వచ్చి చేరేది. నాకు కోపం వచ్చేది కాదు. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. జీతం ఇచ్చింది రక్తం తీయడానికే అయినా, నేను చేసిన ఉద్యోగం మాత్రం నమ్మకపోవడం.

ఈమధ్య ల్యాబ్ కోర్సు పూర్తిచేసిన ఇద్దరమ్మాయిలు బందరులో మా ఇంటికి వచ్చారు. "సార్, వచ్చే నెల ఉద్యోగంలో చేరుతున్నాం. మాకు ఏమైనా చెప్పండి" అన్నారు. రాసి ఇస్తానన్నాను. చెబితే తలలూపి వెళ్ళిపోతారు. తలూపేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ అనుమానం. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు రాయను, అవి మీకు ఎలాగూ వస్తాయి. ఎక్కడ తప్పు చేశానో, ఎవరి వల్ల తెలుసుకున్నానో అదే రాస్తున్నాను.

చల్లారిన టీ

నా మొదటి పోస్టింగు గుడివాడ. అక్కడి ల్యాబ్‌కి పెద్ద రామ్మోహనరావు గారు. పొట్టి మనిషి, పంచె మీద తెల్లకోటు వేసుకునేవారు. నేను చేరిన నాలుగోరోజు పొద్దున నా బల్ల మీద పదకొండు యూరిన్ సీసాలు పెట్టి, "షుగర్ చూడవయ్యా, ఇప్పుడే వస్తా" అని బయటికి వెళ్ళారు.

ఇప్పటిలా పట్టీ ముంచితే రంగు చెప్పే రోజులు కావవి. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు యూరిన్ వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. షుగర్ లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. నేను ఏడు సీసాలవి కాచాను. ఏడూ నీలమే. మిగిలిన నాలుగూ వెలుతురులో పెట్టి చూస్తే మామూలుగానే కనిపించాయి. నాలుగింటికీ "నిల్" అని రాసేశాను.

ఆయన వచ్చి రిజిస్టరు చూశారు. తొమ్మిదో సీసా తీసుకున్నారు, మూత తిప్పారు, గటగటా తాగేశారు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన మూతి తుడుచుకుని, "మూడు చెంచాలు గ్లూకోజ్ పొడి. నువ్వు నిల్ రాశావ్" అన్నారు. అది ఎదురు కొట్లోంచి తెప్పించి చల్లార్చిన పాలు లేని టీ. మామూలు పంచదార ఆ నీలం మందుకి దొరకదు, అందుకని పనిగట్టుకుని గ్లూకోజ్ కలిపారు. అంత శ్రద్ధగా నన్ను పట్టుకున్నారు.

తిట్టలేదు. "కాచి రాసిన ఏడూ నీ మాటలు. మిగతా నాలుగూ నీ బద్ధకం మాటలు. జనానికి రెంటికీ తేడా తెలీదురా, వాళ్ళు మన చేతిరాత చూసి మందు మింగుతారు" అన్నారు. ఆయన కింద ఉన్నన్నాళ్ళూ ఏ సీసా మూత తీసినా ముందు వాసన చూసేవాణ్ణి.

పూరీ పిండి

అక్కణ్ణుంచి దివిసీమకి వచ్చాను. నాగాయలంక దగ్గర ఆస్పత్రి. మా డాక్టరమ్మ గారు నాకంటే చిన్నది, నాకంటే తెలివైనది. అక్కడ షుగర్ జబ్బు ఉన్నవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. దానికి "టెస్టు పథ్యం" అని పేరు కూడా పెట్టుకున్నారు. సోమవారం టెస్టు అంటే శుక్రవారం నుంచే అన్నం మానేస్తారు. జొన్నరొట్టె, కాకరకాయ రసం, మెంతుల నీళ్ళు. ఎప్పుడూ గడప దాటనివాళ్ళు కూడా కరకట్ట మీద అటొకసారి ఇటొకసారి నడుస్తారు. సోమవారం పొద్దున పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి, వేలికి దూది నొక్కుకుంటూనే రోడ్డు దాటి ఎదుటి హోటల్లో కూర్చుంటారు. నాలుగు పూరీలు, పైన ఒక తొక్కుడు లడ్డు.

"మస్తాన్ గారూ, సోమవారం మీ దగ్గరికి ఎంతమందొస్తారో ఆదివారమే కబురెట్టండి, పిండి కలుపుకోవాలి" అనేవాడు హోటలాయన. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకే నచ్చదు.

వాళ్ళు మనల్ని మోసం చేద్దామని అలా చెయ్యరు. టెస్టంటే పరీక్ష అనుకుంటారు. "పాసయ్యానా అండీ?" అని అడుగుతారు. ఫెయిలైతే డాక్టరమ్మ కోప్పడుతుంది, మాత్ర పెరుగుతుంది, ఇంట్లో పచ్చడి జాడీ అందకుండా పైన పెడతారు. మూడు రోజులు ఓర్చుకుంటే మూడు నెలలు ఎవరూ అడగరు. బళ్ళో మనమూ అలాగే చదివాం కదా.

వీరాస్వామి

రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే వీరాస్వామికి అప్పుడు యాభై ఒకటి. టెస్టు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. నా దగ్గరికి వచ్చిన వందలమందిలో, "ఈ మిషను రక్తంలో తీపి ఎట్టా కనిపెడతదండీ?" అని అడిగినవాడు ఆయనొక్కడే. చెబితే శ్రద్ధగా వినేవాడు. నాకు ఆయనంటే ఇష్టం ఏర్పడింది. ఆయన పరగడుపు అంకె ఎప్పుడూ నూట పన్నెండు, నూట పదిహేను, నూట పద్దెనిమిది. ఒకరోజు లైనులో ఉన్న పాతికమంది ముందూ ఆయన కాగితం పైకెత్తి, "చూడండయ్యా, ఇదీ పద్ధతంటే. ఈయన్ని చూసి నేర్చుకోండి" అన్నాను. వీరాస్వామి సిగ్గుపడుతూ నవ్వాడు.

డాక్టరమ్మ గారు ఒకసారి అడిగింది. "మస్తాన్ గారూ, వీరాస్వామికి భోజనం చేశాక కూడా ఒకసారి చూడకూడదూ? మనిషి తగ్గిపోతున్నాడు." మూడు నెలల షుగర్ ఒక్కసారే చెప్పే టెస్టు అప్పట్లో మా దగ్గర లేదు కానీ, భోజనం తర్వాత చూసే టెస్టు ఉంది. రెండు గంటలు ఆయన్ని కూర్చోబెడితే సరిపోయేది. నేను, "అక్కర్లేదు మేడమ్. వీరాస్వామి పక్కా మనిషి, నాది పూచీ" అన్నాను. అందరినీ అనుమానించేవాణ్ణి, ఆయన్ని అనుమానించడానికి మొహమాటపడ్డాను.

ఆ వానాకాలం చెరువు తూము దగ్గర గుల్ల కోసుకుని ఆయన అరికాలు చీరింది. నొప్పి తెలియలేదు. పదిహేను రోజులు ఆ కాలితోనే నీళ్ళలో తిరిగాడు. వాసన వస్తోందని భార్య కనిపెట్టింది. బెజవాడ తీసుకెళ్ళారు, మోకాలి కింద తీసేశారు.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడి, "మీ షుగర్ ఎప్పుడూ బాగానే ఉండేది కదా" అన్నాను. ఆయన భార్య గుమ్మం దగ్గర్నుంచి, "టెస్టుకి మూడ్రోజుల ముందు రొట్టేనండీ. తరవాత మామూలే. మూడు పూటలా అన్నమే" అంది. వీరాస్వామి ఆమెని ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత నా వైపు చూసి, "మీరు అందర్లో నా కాగితం ఎత్తి చూపించారు కదండీ. ఆ తరవాత ఎక్కువొస్తే మీ మొహం ఎట్టా చూసేదండీ?" అన్నాడు.

నేను బయటికి వచ్చి సైకిల్ స్టాండు తీశాను. అంతవరకూ మనుషుల అబద్ధాలు పట్టుకోవడం నా తెలివి అనుకున్నాను. ఆ అబద్ధం నేను నేర్పింది. నేను మెచ్చుకోకుండా ఉంటే ఆయన ఒక్కసారైనా నిజం షుగర్‌తో వచ్చేవాడేమో.

అమ్మాయిలూ, ఇది గుర్తుపెట్టుకోండి. తిట్టేవాడి దగ్గర కొంతమంది దాస్తారు, మెచ్చుకునేవాడి దగ్గర అందరూ దాస్తారు. ఆ రోజు నుంచి ఎవరి అంకె చూసీ బాగుందనలేదు, బాగాలేదనలేదు. అంకె చెప్పి ఊరుకునేవాణ్ణి. చెప్పకుండా ఇళ్ళకి వెళ్ళి, కంచం ముందు కూర్చున్నప్పుడు రక్తం తీసేవాణ్ణి. హోటలాయన దగ్గర ఎవరెవరు ఏం తిన్నారో వాకబు చేసేవాణ్ణి. ల్యాబ్‌లో సూది తీసేముందు "చెప్పులు విప్పండి" అనేవాణ్ణి. అరికాళ్ళు, వేళ్ళ సందులు చూశాకే వేలు పట్టుకునేవాణ్ణి. "ఈయన రక్తం చేతిలోంచి తీస్తాడా, కాల్లోంచి తీస్తాడా?" అని నవ్వుకునేవాళ్ళు. ఆ అలవాటుతోనే ఎనిమిది పుళ్ళు ముందుగా పట్టుకున్నాను. ఎనిమిది మందీ రెండు కాళ్ళతోనే నడుస్తున్నారు. ఈ ఉద్యోగంలో తృప్తి అంటే అంత చిన్నది. పసివాడు ఏడవకముందే సూది బయటికి వచ్చెయ్యడం, స్లైడు మీద రంగు మచ్చ లేకుండా దిగడం, ఇలాంటివే. పెద్ద తృప్తి దొరుకుతుందని ఎవరైనా చెబితే అనుమానించండి.

కొత్త మిషను

నాకు యాభై ఆరు వచ్చాక ల్యాబ్‌కి కొత్త మిషను వచ్చింది. బటన్ నొక్కితే పది టెస్టులు చేస్తుంది. ఆ వయసులో మళ్ళీ కొత్తగా నేర్చుకోవడం మొదట కష్టమైంది, తర్వాత రుచి తగిలింది. పొద్దున అరగంట ముందే వెళ్ళి దాని పుస్తకం చదువుకునేవాణ్ణి. కానీ మిషనుని మాత్రం నమ్మలేదు. దాన్ని పరీక్షించడానికి రోజూ నా రక్తమే పెట్టి చూశాను. షుగర్ నూట తొంభై అంది. నవ్వి, మిషను పాడైందని రాసి పంపించాను. మెకానిక్ వచ్చి చూసి బాగానే ఉందన్నాడు. పాత మిషనులో చూశాను, రెండు వందల రెండు. పదోసారి కూడా అంతే వచ్చాక ఇంటికి వెళ్ళి మా ఆవిడ రజియాతో చెప్పాను. "మిషను తప్పు చెప్తోందని పదిసార్లు చూసిన మనిషి, మీరొక్కరే అయుంటారు" అంది.

అలా నాకు షుగర్ ఉందని తెలిసింది. అందరిలాగే మాత్రలు మొదలుపెట్టాను.

వలల షెడ్డు

రిటైరయ్యాక బందరు వచ్చేశాం. వార్డు ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఓరోజు నన్ను పిలిచి, "గిలకలదిండిలో చేపలమ్ముకునే ఆడవాళ్ళు పన్నెండుమందికి షుగర్ మిషన్లు ఇచ్చామండీ. ఒక్కళ్ళూ సరిగా వాడటం లేదు. వారానికోసారి వెళ్ళి నేర్పుతారా?" అన్నాడు. ఫ్రీగా టెస్టు పట్టీలు వస్తాయని తీసుకుని ఉంటారులే అనుకున్నాను. అయినా ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక ఒప్పుకున్నాను. ప్రతి గురువారం మూడు గంటలకి, బేరాలు అయిపోయాక, వలలు దాచుకునే షెడ్డులో క్లాసు.

అందరూ నలభై అయిదు, అరవై అయిదు మధ్యవాళ్ళు. ఐసులో, ఉప్పులో నానిన వేళ్ళు గట్టిపడిపోయి సూది దిగేది కాదు. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకోవడం, చెప్పులు విప్పి అరికాళ్ళు చూసుకోవడం నేర్పాను. చేతులు కడుక్కోకుండా చూసుకుంటే మామిడిపండు తిన్న వేలు ఎంత అబద్ధం చెబుతుందో చేసి చూపించాను. అది చూసి అందరూ కిసకిసా నవ్వారు. ఆ నవ్వులో అయినా చెయ్యి కడుక్కున్నారు.

వాళ్ళలో నాంచారమ్మ అని ఒకామె ఉంది. యాభై ఎనిమిదేళ్ళు. నన్ను మొదటిరోజు నుంచే అన్నయ్యగారూ అనేది. నోటితో ఎంత లెక్కైనా చెప్పేది కానీ, కాగితం మీద అంకె వేయడం రాదు. ఫోనులో బటన్లు చూసి నేర్చుకుంది. ఎనిమిది మాత్రం ఒకే గీతతో తిప్పలేక, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టేది. "అది ఎనిమిదేనా?" అంటే, "మీకు ఎనిమిదిలా కనపడతంది కదా, సరిపోద్ది" అనేది. ఆ వయసులో ఆమె మొదటిసారి తన అంకె తనే వేసుకుని, షుగర్ లెక్క రాసుకునే పుస్తకం నాకు చూపించినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. మొహం తిప్పుకుని స్పిరిట్ సీసా వెతుక్కుంటున్నట్టు నటించాను.

మొప్పలు

మొదట్లో ఆమె షుగర్ రెండు వందల నలభై. నాలుగో నెలకి ఆమె పుస్తకంలో నూట తొమ్మిది, నూట పన్నెండు, నూట ఏడు. నాకు వీరాస్వామి గుర్తొచ్చాడు. ఒళ్ళు మండింది. అందరిముందూ, "నాంచారమ్మా, ఇవి ఎవరి అంకెలమ్మా? టెస్టు పథ్యమా?" అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. "నాయే" అంది. బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి గురువారం రాలేదు. పట్టుబడింది కాబట్టి రాలేదనుకున్నాను.

అయినా మనసు ఊరుకోలేదు. ఒక మంగళవారం పొద్దున మిషను జేబులో పెట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్ళాను. ఎందుకొచ్చానో తెలియకుండా ఉండాలని దారిలో ఒక చందువ చేప కూడా కొన్నాను. నాంచారమ్మ నన్ను చూసింది, చెయ్యి కడుక్కుని వేలు చాపింది. ఇడ్లీ తిని రెండు గంటలైందట. నూట ముప్పై ఎనిమిది వచ్చింది. "ఇంకో వేలు చూడండి" అంది. చూశాను, నూట ముప్పై నాలుగు. "మూడు నెలల టెస్టు కూడా చేయించాను, డాక్టరు బాబు దగ్గర కాగితం ఉంది, అడిగి చూసుకోండి" అంది. తర్వాత అడిగాను కూడా. ఆ కాగితంలోనూ ఆమె చెప్పిందే ఉంది. మాత్ర ఒక్క పూటా మానలేదట. అన్నం ఒక్కపూటకి తగ్గించి, రోజూ ఆటో ఎక్కకుండా మార్కెట్‌కి నడిచే వస్తోందట.

నేను తల దించుకుని నిలబడితే ఆమె నా సంచిలోకి చూసింది. "ఆ చందువ ఎవరి కాడ కొన్నారు?"

చెప్పాను.

"మొప్ప ఎత్తి చూశారా?"

"ఇవాళ్టిదే అంది."

"అందరూ ఇవాళ్టిదే అంటారు అన్నయ్యగారూ. మడిసిని అడిగితే ఏం తెలుస్తది? చేపనడగాల." చేపని బయటికి తీసి మొప్ప ఎత్తింది. లోపల మట్టిరంగు. పొట్ట దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "మూడు రోజులు ఐసులో ఉంది ఇది. దీన్ని నమ్మి కొన్నారు. నన్ను మాత్రం నలుగుర్లో నిలబెట్టారు."

"తప్పయిందమ్మా" అన్నాను.

"అనుమానించినందుకు నాకేం కోపం లేదండీ. మేం పొద్దున లేచిన కాడ్నించీ చేసేది అదేగా. అనుమానం ఉంటే మొప్ప ఎత్తి చూడాల. చూడకుండా అనగూడదు."

రామ్మోహనరావు గారు టీ తాగి చెప్పిందీ అదే. ముప్పై అయిదేళ్ళు దాటాక, చేపలు తోమే బల్ల దగ్గర మళ్ళీ చెప్పించుకున్నాను. ఆ గురువారం షెడ్డులో అందరిముందూ ఆమెకి క్షమాపణ చెప్పాను. పదకొండుమందీ విన్నారు. నాంచారమ్మ మాత్రం, "సర్లెండి, ముందు పాఠం చెప్పండి" అంది. ఆ తర్వాత ఆమె నాకు చేపలు చూడటం నేర్పింది. కన్ను, మొప్ప, పొట్ట. ఈ అరవై మూడేళ్ళ వయసులో ఎవరూ మోసం చెయ్యకుండా ఒక పండుగప్ప కొనుక్కుని ఇంటికి నడవడం ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

పుస్తకాలు మార్చుకోవడం

అప్పటినుంచి క్లాసులో ఒక పద్ధతి పెట్టాను. గురువారం అందరూ పుస్తకాలు మార్చుకోవాలి. ఎదుటివాళ్ళ పుస్తకం చూసి, అనుమానం ఉంటే అడగాలి, అక్కడికక్కడే రక్తం చూసుకోవాలి. "మరి మీ పుస్తకమో?" అన్నారు. షుగర్ ఉన్నవాణ్ణే కదా, కాదనలేకపోయాను. నాది నాంచారమ్మ చేతికి వెళ్ళింది.

మూడు వారాలు ఆమె పేజీలు తిప్పి ఊరికే ఇచ్చేసింది. నాలుగో వారం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "అన్నయ్యగారూ, మీ ఇంట్లో ఆదివారం రాదా అండీ?" అంది.

"అదేంటమ్మా?"

"మంగళవారం ఉంది, బుధవారం ఉంది, గురువారం ఉంది. నూట నాలుగు, నూట ఎనిమిది, నూట ఆరు. మిగతా వారాలు కనపడవేం?"

"మరిచిపోతుంటాను."

"చేపల్లో కూడా మంచియ్యే పైన పెడతారండీ" అంది. పక్కన ఉన్నవాళ్ళు, "ఇప్పుడే చూసెయ్యి నాంచారక్కా" అని ఉసిగొలిపారు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇవాళొద్దు. ఇవాళ చూస్తే పాసైపోతారు" అంది.

నిజం చెప్పాలి. ఆ పుస్తకంలో నేను ఒక్క దొంగ అంకె కూడా వెయ్యలేదు. వేసినవన్నీ నిజాలే, వెయ్యనివే అబద్ధం. గురువారం వాళ్ళ ముందు పుస్తకం తెరవాలి కాబట్టి, సోమవారం నుంచే రొట్టె తినేవాణ్ణి. పంతులుకి ఎక్కువ వస్తే పిల్లలు ఏమనుకుంటారు? శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మళ్ళీ అన్నం, టీలో రెండు చెంచాలు. "మీ పుస్తకం చూస్తే పథ్యం, మీ గ్లాసు అడుగు చూస్తే పంచదార" అని రజియా అంటూనే ఉండేది. నేను వినేవాణ్ణి కాదు. ఇదే టెస్టు పథ్యం అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదంటే మీరు నమ్ముతారా? గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

ఆదివారం

ఆదివారం పదకొండున్నరకి తలుపు కొట్టారు. రజియా తీసింది. నాంచారమ్మ. ఒక చేతిలో పండుగప్ప, ఇంకో చేతిలో షుగర్ మిషను. "వదినా, ఇది కూరకి" అని చేప ఇచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా ముందు రెండో గ్లాసు టీ ఉంది, పళ్ళెంలో సగం తిన్న తొక్కుడు లడ్డు ఉంది. దాచడానికి టైము లేదు.

"చెయ్యి కడుక్కుని రండి" అంది. నేను నేర్పిన మాటే. కడుక్కుని వచ్చాను. వేలి పక్కన గుచ్చింది, నొప్పి తెలియలేదు. మిషను అయిదు అంకెలు లెక్కపెట్టి 268 చూపించింది. నాంచారమ్మ బాగుందనలేదు, బాగాలేదనలేదు. అంకె చదివి ఊరుకుంది. ఎవరి పద్ధతది? నాదే.

తర్వాత కింద కూర్చుని, "చెప్పులు విప్పండి" అంది.

ఇంట్లో కూడా ఆ మెత్తటి తోలు చెప్పులే వేసుకునే అలవాటు నాది. "కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా" అన్నాను.

"ఎడమ చెప్పు పట్టీ ఒక బెజ్జం వదులు చేశారు. మూడు వారాల్నించి చూస్తన్నా."

అవును, చేశాను. వానకి తడిసి తోలు బిగిసిందనుకున్నాను. నాసిరకం తోలు అంటగట్టాడని చెప్పుల కొట్టువాణ్ణి తిట్టుకున్నాను కూడా. కాలు వాచి ఉంటుందని అనుకోలేదు. విప్పాను. నాంచారమ్మ ఎడమ పాదం పైకెత్తి కిటికీ వైపు తిప్పింది. చిటికెన వేలి కింద, నాకు కనిపించని చోట, రూపాయి బిళ్ళంత పుండు. అంచులు నల్లబడి ఉన్నాయి. ఆమె పక్కన వేలుపెట్టి నొక్కింది. "తెలస్తందా?"

తెలియలేదు. రజియా "యా అల్లా" అని గోడ పట్టుకుంది. నాకు వీరాస్వామి మంచం, మోకాలి కింద చదునుగా పడి ఉన్న దుప్పటి కళ్ళముందుకు వచ్చాయి. భయం వేసింది. ముప్పై ఏళ్ళు ఊరందరి చెప్పులూ విప్పించినవాణ్ణి, నా పాదం ఒక్కసారి తిప్పి చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి వెళ్ళాం. ఇంకో పది రోజులైతే వేలు పోయేదని, ఆ తర్వాత ఎంతవరకు పోయేదో చెప్పలేనని డాక్టరు అన్నాడు. తొమ్మిది వారాలు కట్లు కట్టించుకున్నాను. ఇన్సులిన్ మొదలైంది. గురువారాలు క్లాసు నేను లేకుండానే నడిచింది, నాంచారమ్మ నడిపింది. నేనెళ్ళేసరికి ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. వాళ్ళకి ఆమె చెయ్యి కడుక్కోవడం నేర్పుతోంది, చెప్పులు విప్పిస్తోంది. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని చూశాను. సిగ్గు ఉంది, ఉండాల్సిందే. కానీ దానికంటే సంతోషం ఎక్కువగా ఉంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరో నన్ను మెచ్చుకుని వేసిన దండల్లో ఏ ఒక్కటీ ఇంత సంతోషం ఇవ్వలేదు.

అందుకని అమ్మాయిలూ, మీరు మీ పని ఎంత బాగా నేర్చుకున్నా సరే, మిమ్మల్ని నమ్మని మనిషిని ఒకరిని పక్కన పెట్టుకోండి. మీరు నేర్పినవాళ్ళే అయితే ఇంకా మంచిది.

ఆ ఆదివారం పేజీ నా పుస్తకంలో అలాగే ఉంది. నేను పెన్ను అందుకునేలోపే నాంచారమ్మ లాక్కుని ఆ అంకె తనే వేసింది. రెండు, ఆరు వంకర లేకుండా ఉన్నాయి. ఎనిమిది మాత్రం ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలు. నా చేతిరాతతో నిండిన ఆ పుస్తకంలో నేను అనుమానం లేకుండా నమ్మే అంకె అదొక్కటే.